అన్నం ముట్టని బిడ్డకు ప్రార్థనా కావాలి, వైద్యమూ కావాలి

ధ్యాన భాగములు: మార్కు 5:21–43, 1 రాజులు 19:1–18, 2 సమూయేలు 13:1–22



ఈ వారం నేను రాస్తున్న సంగతి మన సంఘాల్లో ప్రసంగ పీఠం మీద నుంచి దాదాపు వినబడదు. ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల మెల్లగా అన్నం తగ్గిస్తుంది. తిన్నానని చెప్పి కంచం ఖాళీ చేసి కుక్కకు వేస్తుంది. లేదంటే రాత్రి అందరూ పడుకున్నాక గిన్నెలో ఉన్నదంతా గబగబా తినేసి, బాత్‌రూంలోకి పోయి వేళ్లు పెట్టుకుని కక్కేస్తుంది. తల్లి ఏడుస్తుంది, తండ్రి కోప్పడతాడు, నాయనమ్మ దిష్టి తీయమంటుంది. కడసారిగా పాస్టరయ్యకు కబురు వస్తుంది. మేం వెళ్లి తలమీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, టీ తాగి వచ్చేస్తాం. బిడ్డ మాత్రం తినదు.

ముందుగా ఒక మనవి. ఇందులో మన సంఘంలో ఏ ఇంటి కథా లేదు. "ఇది ఫలానా వాళ్ల బిడ్డ గురించేనేమో" అని ఎవరూ ఊహించవద్దు, వాట్సాప్ గ్రూపులో అడగవద్దు. ఒక ఇంటి నొప్పి పాస్టర్ చెవిన పడితే అది అక్కడే ఆగాలి. ఎందుకు ఆగాలో కింద చెప్తాను.

నా అభిప్రాయం సూటిగా ఇది. తిండి చుట్టూ వచ్చే ఈ కష్టం ఒక వ్యాధి. మొండితనమని, దయ్యమని, భక్తి తక్కువైందని దానికి పేర్లు పెట్టవద్దు. దీనికి చికిత్స ఉంది. ఆ చికిత్సలో ఇంటివాళ్లకు పెద్ద పాత్ర ఉంది కాబట్టి, ఇంటివాళ్లను మోయడం సంఘం పని. ప్రార్థన చేసి పంపేయడంతో మన బాధ్యత తీరదు.

ఇది ఏం వ్యాధి?

డాక్టర్లు దీన్ని ఈటింగ్ డిజార్డర్ అంటారు. ఇందులో రకాలున్నాయి. బరువు పెరుగుతానన్న భయంతో తిండి మానుకుని ఎండిపోవడం అనొరెక్సియా. అదుపు తప్పి తిని, తర్వాత కక్కుకోవడమో విరేచనాల మాత్రలు మింగడమో బులీమియా. కక్కుకోకుండా, ఆపుకోలేక, దాచుకుని, సిగ్గుపడుతూ ఎక్కువెక్కువ తినడం బింజ్ ఈటింగ్. ఆడపిల్లల్లో ఎక్కువగా కనబడుతుంది గాని మగపిల్లలకూ వస్తుంది, పెళ్లయిన వాళ్లకూ వస్తుంది. లావుగా ఉన్నవాళ్లకూ, మామూలుగా కనిపించేవాళ్లకూ రావచ్చు. అందుకే చూపుతో తేల్చలేం.

అనొరెక్సియా అన్న పేరును ఇంగ్లండు వైద్యుడు విలియం గల్ 1870లలోనే పెట్టాడు. అంటే ఇది సెల్‌ఫోన్లు, రీల్స్ వచ్చాక పుట్టింది కాదు. మనసుకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి. తిండి లేక గుండె బలహీనపడుతుంది. కక్కుకోవడం వల్ల రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. 1983లో అమెరికాలో కరెన్ కార్పెంటర్ అనే పేరుమోసిన గాయని 32 ఏళ్లకే ఈ జబ్బు వల్ల గుండె ఆగి చనిపోయింది. "పెండ్లయితే అదే కుదురుకుంటది" అని కూర్చునే జబ్బు ఇది కాదు.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. కొందరు పిల్లలు "నాకు లావవుతానని భయం" అని అననే అనరు. "కడుపు నిండినట్టుంది, గ్యాస్ పడుతుంది, మింగుడు పడత లేదు" అంటారు. ఇంటివాళ్లు గ్యాస్ మాత్రలు, స్కానింగులు, ఎండోస్కోపీలు అంటూ ఆసుపత్రి తర్వాత ఆసుపత్రి తిరుగుతారు. అన్ని రిపోర్టులూ బాగున్నాయంటారు, బిడ్డ మాత్రం చిక్కిపోతుంటుంది. ఆ దశలో మనసు డాక్టరుకు కూడా చూపించాలన్న ఆలోచన ఎవరో ఒకరు చెప్పాలి.

అమ్మలారా, ఈ గుర్తులు చూడండి. అన్నం తినగానే ప్రతిసారీ బాత్‌రూంకు పోవడం. ఎండాకాలంలోనూ చలి అనడం. నెలసరి ఆగిపోవడం. జుట్టు ఊడడం, కళ్లు తిరిగి పడడం. అందరితో కలిసి కూర్చుని తినకపోవడం. వదులు బట్టల్లో ఒళ్లు దాచుకోవడం. తాను తినకుండా అందరికీ వండి వడ్డించడం. ఇందులో రెండు మూడు కలిసి కనబడితే తిట్టకండి, డాక్టరుకు చూపించండి.

పస్తు మనసును ఏం చేస్తుంది?

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆకలితో అలమటించిన ప్రజలకు తిరిగి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. 36 మంది యువకులు ఇష్టపడి ముందుకొచ్చారు. వారు తుపాకి పట్టం అని చెప్పినవారు. చాలామంది మెన్నొనైట్, బ్రెదరెన్, క్వేకర్ సంఘాల బిడ్డలు. మన నల్లగొండలో 1890 ప్రాంతంలో మిషన్ కేంద్రం పెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ గారిది కూడా మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘమే కాబట్టి, వీరు మనకు పరాయివాళ్లేమీ కాదు.

ఆ యువకులను శరీరంలోనూ మనసులోనూ ఆరోగ్యంగా ఉన్నారని పరీక్షించి మరీ ఎంచుకున్నారు. ఆరు నెలలపాటు వాళ్లకు సగం తిండి పెట్టారు. బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గారు. వారి మనసులకు జరిగింది చూడండి. రాత్రీ పగలూ తిండి గురించే ఆలోచన. వంటల పుస్తకాలు పోగేసి చదవడం. కంచం ముందు గంటలకొద్దీ కూర్చుని ముక్క ముక్క చేసి తినడం. చిరాకు, దిగులు, స్నేహితులకు దూరం కావడం. తిండి మళ్లీ పెట్టాక కూడా మామూలు కావడానికి కొందరికి నెలలు పట్టింది.

దీన్నిబట్టి మనకు అర్థం కావలసింది ఒకటే. పస్తు దానంతట అదే మనసును మార్చేస్తుంది. "మా బిడ్డ ఇట్ల ఉండకపోయేది, అబద్ధాలు ఆడుతుంది, కసురుకుంటుంది" అని తల్లులు అంటారు. ఆ కసురు వెనక ఆకలిగొన్న మెదడు ఉంది. అందుకే ఈ జబ్బులో మొదటి మందు అన్నమే. ఐతే బాగా చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టకూడదు. రక్తంలో లవణాలు తారుమారై ప్రాణానికే ముప్పు వస్తుంది. కాబట్టి డాక్టరు కనుసన్నల్లోనే మెల్లగా పెంచాలి.

ఉపవాసం గురించి ఒక మాట

నేను ఉపవాసాన్ని నమ్మేవాడిని. శ్రమకాలంలో నలభై రోజులు మన సంఘంలోనూ ఉపవాస ప్రార్థనలు జరుగుతాయి. కాని తిండి మానుకోవాలని లోపల నుంచి జబ్బు తరుముతున్న బిడ్డకు, చర్చిలో "ఈ చెల్లి ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉంది, చప్పట్లు కొట్టండి" అనే మాట విషం లాంటిది. జబ్బుకు భక్తి ముసుగు దొరుకుతుంది. ఇక ఎవరూ ఆమెను ప్రశ్నించలేరు.

ఇది కొత్త సంగతి కాదు. ఇటలీలో సియెన్నా కేథరిన్ అనే భక్తురాలు తిండి మానుకుంటూ మానుకుంటూ 1380లో 33 ఏళ్లకే చనిపోయింది. ఆమె ఆత్మీయ పెద్దలే ఆమెను తినమని చెప్పారు. ఆమె వల్ల కాలేదు. ఆమెది ఏ జబ్బో ఆరు వందల ఏళ్ల తర్వాత మనం తేల్చలేం గాని, భక్తికీ జబ్బుకూ మధ్య గీత ఎంత సన్ననిదో ఆమె జీవితం చూపిస్తుంది.

యెషయా 58వ అధ్యాయం తెరిచి చూడండి. దేవుడు కోరిన ఉపవాసం కాడి మోస్తున్న మనిషిని విడిపించేది, ఆకలిగొన్నవానికి రొట్టె పంచేది. అపొస్తలుల కార్యములు 27లో తుఫానులో చిక్కుకున్న ఓడలో పద్నాలుగు రోజులు తినకుండా ఉన్న 276 మందిని పౌలు బతిమాలి తినమన్నాడు, తానే ముందు రొట్టె విరిచాడు. తినమని చెప్పడమూ సేవకుని పనే.

కాబట్టి నేను అడిగేది ఇది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను పూర్తి ఉపవాసానికి పిలవవద్దు. బదులుగా ఫోన్ మానుకోమనండి, ఆ సమయం ప్రార్థనకు ఇమ్మనండి. ఎవరు ఎన్ని రోజులు ఉన్నారో మైకులో చెప్పవద్దు. తిండి జబ్బు ఉన్నవారు ఉపవాసం ఉండకపోవడమే వారికి విధేయత అని పెద్దలు వారికి ధైర్యంగా చెప్పాలి.

గాయం ఉన్నచోట

తిండి జబ్బు ఉన్న ప్రతి ఒక్కరి వెనకా ఏదో ఘోరం జరిగి ఉంటుందని అనుకోవద్దు. వంశంలో ఉండేది, డైటింగ్ మొదలుపెట్టడం, తోటివాళ్ల వెక్కిరింపు, అన్నీ కలుస్తాయి. కాని కొందరి విషయంలో చిన్నప్పుడు శరీరానికి జరిగిన అన్యాయం వెనక ఉంటుంది. దాన్నే ట్రామా అంటారు. తన శరీరం మీద తనకే అధికారం లేకుండా పోయిన బిడ్డకు, "నోట్లోకి ఏం పోవాలో" అన్న ఒక్కటే తన చేతిలో మిగిలినట్టు అనిపిస్తుంది.

మన జిల్లాకు ఈ గాయాలు తెలుసు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య కళ్లముందే, పెరుమాళ్ల ప్రణయ్‌ని కులం పేరుతో నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు శిక్షలు వేసింది. న్యాయం జరగడానికి ఆరేళ్లు దాటింది. ఆ సీసీటీవీ దృశ్యాన్ని మాత్రం టీవీలు అదే రోజు నుంచి తిప్పి తిప్పి చూపించాయి, మనమూ ఫోన్లలో పంచుకున్నాం. గాయపడిన మనసు కూడా అదే పని చేస్తుంది, ఆ దృశ్యాన్నే తిప్పి తిప్పి చూపిస్తుంది. నిద్రలో ఉలిక్కిపడటం, చిన్న శబ్దానికి వణకడం, ఆ దారిన పోలేకపోవడం దానికి గుర్తులు. అలాంటి మనిషిని చర్చిలో నిలబెట్టి "సాక్ష్యం చెప్పమ్మా" అనడం పుండును మళ్లీ గీరడమే. తానై చెప్పాలనుకుంటే వేరు. మనం అడగకూడదు.

2 సమూయేలు 13 మన చర్చీల్లో ఎక్కువగా చదవరు. తామారుకు తన ఇంట్లోనే, తన అన్న వరుస వాడి చేతిలోనే అన్యాయం జరిగింది. అతడు జబ్బు నటించి ఆమె చేత వంట చేయించుకున్నాడు. ఆ అన్యాయం తిండి దగ్గరే మొదలైంది. సొంత అన్న అబ్షాలోము ఆమెను ఊరుకోమన్నాడు. తండ్రి దావీదుకు కోపమైతే వచ్చింది గాని ఏమీ చేయలేదు. ఆమె ఆ ఇంట్లో దిక్కులేనిదిగా మిగిలింది. రెండేళ్ల తర్వాత ఆ ఇంట్లో హత్య జరిగింది. కప్పిపెట్టిన గాయం ఇంటినంతా కుళ్లబెట్టింది.

మన పెద్దమనుషులు కూడా "ఇంటి గుట్టు, క్షమించుకోండి, మన సంఘం పరువు" అంటారు. పెద్దలారా, బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం చెప్పకపోవడమే నేరం. పాస్టరుకు అందులో మినహాయింపు లేదు. గుట్టు వేరు, నేరాన్ని దాచడం వేరు. జబ్బు సంగతి మన నోట్లో ఉండాలి. నేరం సంగతి పోలీసు స్టేషనుకు, లేదా పిల్లల సహాయ నంబరు 1098కు చేరాలి.

చికిత్స అంటే ఏం చేస్తారు?

చాలామందికి కౌన్సెలింగ్ అంటే సలహాలు చెప్పడం అనుకుంటారు. కాదు. ఎదిగే పిల్లల్లో అనొరెక్సియాకు కుటుంబంతో కలిసి చేసే ఒక చికిత్స ఉంది. 1980లలో లండన్‌లోని మాడ్స్లీ ఆసుపత్రిలో మొదలైంది. మొదటి దశలో బిడ్డ తిండి బాధ్యతను తల్లిదండ్రులే పూర్తిగా చేతిలోకి తీసుకుంటారు. ఏం తినాలి, ఎంత తినాలి అని వాదన లేదు. పక్కన కూర్చుని ప్రేమగా, గట్టిగా తినిపిస్తారు. బరువు కుదురుకున్నాక రెండో దశలో మెల్లగా ఆ బాధ్యత బిడ్డకు తిరిగి ఇస్తారు. మూడో దశలో ఆ వయసు పిల్లల మిగతా సంగతులు మాట్లాడతారు. తల్లిదండ్రులే తప్పు చేశారన్న నింద ఇందులో లేదు. బిడ్డ వేరు, జబ్బు వేరు అని నేర్పుతారు.

పెద్దవాళ్లకు, బులీమియా ఉన్నవాళ్లకు మరో పద్ధతి. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన చికిత్సలో సాధారణంగా ఇరవై సార్లు కూర్చుంటారు. బరువు బాగా తగ్గినవాళ్లకు నలభై దాకా పడుతుంది. వేళకు తినడం, తిన్నది, అప్పుడు మనసులో కలిగింది రాసుకోవడం, భయాలను ఒక్కొక్కటిగా ఎదుర్కోవడం ఇందులో ఉంటాయి. ట్రామాకు పిల్లలకైతే తల్లిదండ్రులను కూడా కలుపుకుని చేసే చికిత్స ఉంది. కంటి కదలికలతో చేసే ఈఎండీఆర్ అనే పద్ధతినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. ఏదైనా వారాలు, నెలలు పడుతుంది. మధ్యలో మళ్లీ జబ్బు తిరగబెట్టవచ్చు. అంతమాత్రాన అయిపోయిందని కాదు.

ఇప్పుడు వాక్యం చూడండి. 1 రాజులు 19లో ఏలీయా చెట్టు కింద పడుకుని చావు కోరుకున్నాడు. దూత అతన్ని మందలించలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి పెట్టాడు. శరీరానికి బలం వచ్చాకే హోరేబు దగ్గర మాటలు మొదలయ్యాయి. అక్కడ దేవుడు ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగాడు, ఏలీయా అదే ఏడుపు రెండుసార్లు ఏడ్చాడు. "ఇంతకుముందే చెప్పావు కదా" అని దేవుడు విసుక్కోలేదు. చివరికి ఎలీషాను తోడిచ్చాడు. ముందు అన్నం, తర్వాత వినడం, ఆపైన తోడు. నేటి వైద్యులు పాటించే వరుస కూడా దాదాపు ఇదే.

మార్కు 5లో పన్నెండేళ్ల బిడ్డ ఇంట్లో యేసయ్య ఏం చేశాడు? ఏడుస్తూ గోల చేస్తున్న జనాన్ని బయటికి పంపాడు. తల్లిని, తండ్రిని, ముగ్గురు శిష్యులను మాత్రమే లోపల ఉంచాడు. బిడ్డ లేచాక ఆమెకు తిండి పెట్టమన్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని గట్టిగా ఆజ్ఞాపించాడు. చనిపోయిన బిడ్డను లేపినవాడు అన్నం కూడా అద్భుతంగా పెట్టలేడా? పెట్టగలడు. కాని ఆ పని ఇంటివాళ్ల చేతికి అప్పగించాడు. గుట్టు ఎందుకు ఉండాలని పైన అన్నానో దానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆ బిడ్డ రేపు అదే వీధిలో తలెత్తుకు తిరగాలి.

"డాక్టరు దగ్గరికి పోతే విశ్వాసం లేనట్టే కదా?"

ఈ మాట అనేవాళ్లు ఉన్నారు. వారికి నా జవాబు: పౌలు వెంట లూకా అనే వైద్యుడు ఉన్నాడు. హిజ్కియా పుండుకు యెషయా అంజూరపు ముద్ద కట్టించాడు. డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి కట్టించింది, ప్రార్థించి ఇంటికి పంపేయలేదు. పాలమూరులో జడ్చర్ల మిషన్ ఆసుపత్రి కూడా అదే విశ్వాసంతో నిలబడింది. సెమినరీలో మాకు కౌన్సెలింగ్ అని ఒక పాఠం చెప్పారు. వినడం, ఓదార్చడం దానితో వచ్చాయి. జబ్బుకు చికిత్స చేయడం రాదు. నాలాంటి పాస్టర్లమంతా ఆ గీత తెలుసుకుని ఉండాలి.

ఎక్కడికి పోవాలి? మన నార్కట్‌పల్లిలోనే కామినేని మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. నల్లగొండలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2019 నుంచి నడుస్తోంది. మొదట జనరల్ డాక్టరుకు చూపించి బరువు, బీపీ, రక్త పరీక్షలు, ఈసీజీ చేయించండి. తర్వాత మానసిక వైద్యుడిని కలవండి. అవసరమైతే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది, బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. పోలేని పరిస్థితిలో 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. ఖర్చు లేదు, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మనసు వైద్యం పొందడం మన హక్కు. రోగిని గొలుసులతో కట్టేయడం నిషిద్ధం, అది ప్రార్థన మందిరంలోనైనా సరే.

సంఘం చేయగలిగినవి

మొదటిది, ఒళ్లు గురించి మాటలు మానుదాం. "ఏం బిడ్డా, లావైనవ్", "బక్కగైనవ్, మీ అమ్మ అన్నం పెడ్తలేదా", "నల్లవడ్డవ్" అని ఆదివారం గేటు దగ్గర పలకరిస్తాం. పెండ్లిచూపుల్లో అయితే అడ్డే లేదు. మనకు అది ప్రేమ. ఆ బిడ్డకు వారమంతా చెవిలో మోగే మాట.

రెండోది, ప్రేమవిందులో బగారా అన్నం వడ్డిస్తూ "ఇంకింత వేసుకో, ఇంకింత వేసుకో" అని పదిమందిలో బలవంతం చేయకండి. ఎందుకు తింటలేవని అడగకండి. పక్కన కూర్చుని వేరే ముచ్చట చెప్పండి.

మూడోది, ఆ తల్లిదండ్రుల సంగతి. మూడు పూటలా బిడ్డ పక్కన గంటసేపు కూర్చుని తినిపించాలంటే తల్లి కూలికి పోలేదు. తండ్రి ఆసుపత్రికి పోతే ఆ రోజు జీతం పోతుంది. చిన్న పిల్లలను ఎవరూ పట్టించుకోరు. స్త్రీల సమాజం వారు వంతులు వేసుకుని ఆ ఇంటి చిన్నపిల్లలను స్కూలు నుంచి తీసుకురావచ్చు. యువకులు ఆసుపత్రికి బండి మీద దింపవచ్చు. సంఘ నిధి నుంచి బస్సు చార్జీలు, మందుల ఖర్చు ఇవ్వవచ్చు. ఇచ్చినట్టు ప్రకటించకుండా ఇవ్వాలి. ఆ తల్లితో "నువ్వు చేసిన తప్పేంది?" అని కాకుండా "ఇయ్యాల నువ్వు తిన్నవా, అక్కా?" అని అడగండి.

నాలుగోది, ఓపిక. నెల తర్వాత "ఇంకా తగ్గలేదా" అని అడగకండి. కాలు విరిగితే ఆరు వారాలు ఆగుతాం కదా. మనసుకు అంతకన్నా ఎక్కువ పడుతుంది.

ఇవేవీ పెద్ద అద్భుతాలు కావు. యాయీరు ఇంట్లో ఆ రోజు అద్భుతం తర్వాత మిగిలింది ఒక కంచం, రెండు చేతులు, నోరు మూసుకున్న ఐదుగురు మనుషులు. మన సంఘాలు ఆ ఐదుగురిలా ఉంటే చాలు.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న తండ్రీ, కంచం ముందు భయపడుతున్న ప్రతి బిడ్డను, ఆ పక్కన కూర్చుని కన్నీళ్లు మింగుతున్న ప్రతి తల్లిని, ఏం చేయాలో తెలియక గుమ్మంలో నిలబడ్డ ప్రతి తండ్రిని మీ చేతుల్లో పెడుతున్నాము. వైద్యులకు జ్ఞానము, ఇంటివారికి ఓర్పు, మా నాలుకలకు కాపలా దయచేయండి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.